పర్మిషన్ అడగొద్దు

మూడేళ్ళ కిందట నవంబరులో ఒక ఆదివారం పొద్దున, ఇంగ్లండ్‌లో మేం ఉండే ఊరి చర్చి పక్క సందులోంచి పొలాల్లోకి దిగే కాలిబాట పట్టుకుని నడుస్తున్నా. రెండు పొలాలు దాటాక ఒక పొదల కంచె వస్తుంది, హెడ్జ్ అంటారు ఇక్కడ, అదే మా ప్యారిష్‌కీ, అంటే మా ఊరి పరిధికీ, పక్క ప్యారిష్‌కీ హద్దు. అక్కడిదాకా ప్రతి గేటు మీదా, ఇది అందరూ నడిచే దారి అని చెప్పే పసుపు బాణం ఉంది. హద్దు దగ్గర మాత్రం బాణం లేదు, కొత్తగా లాగిన ముళ్ళతీగ ఉంది, అవతల గొర్రెలు, గొర్రెల మధ్య క్వాడ్ బైక్ మీద ఒకాయన. చిన్నప్పట్నుంచి ఇంట్లో నేర్పిందే నేను చేశా. ఆగి, చెయ్యెత్తి పలకరించి, ఇటు వెళ్ళొచ్చాండీ అని అడిగా. ఇటు దారి లేదు, ఇది మా సొంత పొలం అన్నాడాయన, మర్యాదగానే అన్నాడు. సారీ చెప్పి తిరిగొచ్చేశా.

సాయంత్రం ఈ మాట పక్కింటి పెద్దావిడకి చెప్పా. ఎనభై దాటిన మనిషి, ఈ ఊళ్ళోనే పుట్టింది, పెళ్ళయ్యాక కూడా నాలుగిళ్ళ అవతలికే వెళ్ళింది. ఆవిడకి కోపం వచ్చింది, ఆ రైతు మీద కాదు, నా మీద. "అడిగావా? ఎందుకడిగావు? ఆ దారిలో వెళ్ళడానికి ఎప్పుడూ ఎవర్నీ పర్మిషన్ అడగొద్దు" అంది.

నాకు అస్సలు అర్థం కాలేదు. మా గుంటూరు వైపు ఇంకొకరి చేలో అడుగుపెట్టాలంటే గట్టు మీద నిలబడి ఒక కేకేసి వెళ్తాం, అది మర్యాద. తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఆవిడ చెప్పింది ముసలితనపు మొండితనం కాదు, ఇంగ్లండ్ చట్టంలో ఉన్న మాటే. ఇక్కడ ఒక దారిలో జనం 20 ఏళ్ళపాటు అడ్డు లేకుండా హక్కుగా నడిచారంటే, భూమి యజమాని దాన్ని జనానికి ఇచ్చేసినట్టే లెక్క. యజమానికి అలా ఇచ్చే ఉద్దేశం లేదని అప్పట్లోనే తెలియజేసి ఉంటే తప్ప. 1932 రైట్స్ ఆఫ్ వే యాక్ట్‌లో వచ్చిన ఈ పద్ధతి ఇప్పుడు 1980 హైవేస్ యాక్ట్ 31వ సెక్షన్‌లో ఉంది. హక్కుగా అంటే ఏంటంటే, కంచె విరగ్గొట్టి వెళ్ళకూడదు, దొంగచాటుగా వెళ్ళకూడదు, పర్మిషన్ మీద వెళ్ళకూడదు. ఈ మూడోది నాకు చాలా రోజులు మింగుడుపడలేదు. పర్మిషన్ ఇచ్చినవాడు రేపు వెనక్కి తీసుకోగలడు, అందుకని ఆ నడక హక్కు కింద జమ కాదు. నేనొక్కడిని అడిగినంతమాత్రాన ఊరి హక్కేం పోదు కానీ, నా అడుగులు ఆ లెక్కలోకి రావు, అంతే.

ఇక్కడ ముందు ఒక మాట సరిచేసుకోవాలి. మనకి ఫుట్‌పాత్ అంటే సిటీలో రోడ్డు పక్క ఎత్తుగా కట్టిన నడకదారి. ఇంగ్లండ్ పల్లెల్లో పబ్లిక్ ఫుట్‌పాత్ అంటే ఒకరి సొంత గోధుమ చేను మధ్యలోంచో, గొర్రెల మేత బీటిలోంచో, ఒక్కోసారి నేరుగా వాళ్ళ ఇంటి వాకిట్లోంచో పోయే బాట. నేల రైతుదే, కానీ దాని మీద నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఆ నేల ఎన్ని చేతులు మారినా ఈ హక్కు దాంతోపాటే వెళ్తుంది. ఒకసారి ప్రజల దారి అయితే ఎప్పటికీ ప్రజల దారే అని ఇక్కడి కోర్టులు 19వ శతాబ్దం నుంచీ చెప్తున్నాయి, జనం నడవడం మానేసినంతమాత్రాన చచ్చిపోదు, పద్ధతి ప్రకారం ఆర్డరు వేసి మూస్తేనే మూసినట్టు. చేను దున్నుకోవచ్చు, కానీ విత్తనాలకి మొదటిసారి దున్నాక 14 రోజుల్లో, ఆ పంటలో మళ్ళీ కదిపితే 24 గంటల్లో, చేను మధ్య బాటని కనీసం ఒక మీటరు వెడల్పున మళ్ళీ చదును చేసి ఇవ్వాలి. ఏప్రిల్‌లో మోకాలెత్తు పచ్చటి గోధుమ మధ్యలో గీత గీసినట్టు ఒక మట్టి బాట కనపడుతుంది చూడండి, అది రైతు కొలిచి వదిలింది, మీరెవరో తెలియకుండానే మీకోసం వదిలింది. మొదటిసారి దాని మీద నడిచినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడింది.

మరి ఇంత గట్టి హక్కు ఉంటే మా దారి హద్దు దగ్గర ఎందుకు తెగిపోయింది?

కాగితం వల్ల. 1949లో లూయిస్ సిల్కిన్ మంత్రిగా ఉండగా నేషనల్ పార్క్స్ అండ్ యాక్సెస్ టు ద కంట్రీసైడ్ యాక్ట్ వచ్చింది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, ప్రతి కౌంటీ కౌన్సిల్ తన పరిధిలో ఉన్న దారులన్నీ సర్వే చేసి ఒక మ్యాప్ తయారుచేయాలంది, దాన్నే డెఫినిటివ్ మ్యాప్ అంటారు. కౌంటీ వాళ్ళకి ప్రతి పొలం ఏం తెలుస్తుంది, అందుకని పని ప్యారిష్ కౌన్సిళ్ళకి పంపారు. ప్యారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిది, ఇంకా చిన్నది, 1894 నుంచి ఉన్నాయి, చాలాచోట్ల జీతం లేని ఏడెనిమిది మంది సభ్యులు, ఒక క్లర్కు. వాళ్ళు మ్యాప్ పట్టుకుని ఊరంతా నడిచి ఒక్కో దారికి ఒక కార్డు నింపాలి.

మా ఊరి కార్డులు నేను కౌంటీ రికార్డు ఆఫీసులో చూశా. పెన్సిళ్ళు తప్ప లోపలికి రానివ్వరు. ఒక పాత అట్టపెట్టె, అందులో గోధుమరంగు తిరిగిన కార్డులు, ఇంకు పెన్నుతో కుడివైపుకి వాలిన చేతిరాత. దారి నంబరు, ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, మెట్లు ఎలా ఉన్నాయి, గేట్లు ఎలా ఉన్నాయి. స్టైల్ అంటే కంచె దాటడానికి వేసే చెక్కమెట్లు, వాటి దగ్గర "రెండో మెట్టు పుచ్చిపోయింది" అని రాసుంది. ఆఖరి గడి, ఇది ప్రజల దారి అనుకోవడానికి ఆధారం ఏంటి అని. అక్కడ ఆ రాసినాయన "ఊళ్ళో అందరూ ఎప్పట్నుంచో నడుస్తున్నారు" అని ఒక్క ముక్కే రాశాడు. వానలో బూట్లేసుకుని ఆ పుచ్చిపోయిన మెట్టు ఎక్కి దిగి ఇంటికెళ్ళి దీపం దగ్గర కూర్చుని రాసుంటాడు. ఆయన ఆ గీత గీయబట్టే నేను, ఎక్కడో గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి, ఈ ఊళ్ళో ఎవరి మొహమూ తెలియకుండా, రెండు పొలాలు తల ఎత్తుకుని నడిచా.

పక్క ప్యారిష్ పెట్టె కూడా తెప్పించుకుని చూశా. అందులో ఈ దారికి కార్డు లేదు. మా ఊరాయన "హద్దు దాకా" అని రాసి ఆపాడు, అవతలివాళ్ళు అక్కడ్నుంచి ఎత్తుకోవాలి, ఎత్తుకోలేదు. ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు, ఇంగ్లండ్ మ్యాపుల మీద ఇలా పొలం మధ్యలో, హద్దు కంచె దగ్గర చటుక్కున ఆగిపోయే గీతలు ఎన్నో కనపడతాయి. నడిచేవాడెవడూ కంచె దాకా వెళ్ళి వెనక్కి రావడానికి బాట వెయ్యడు కదా. కొన్ని ప్యారిష్‌లు శ్రద్ధగా చేశాయి, కొన్ని మొక్కుబడిగా చేశాయి, కొన్నిచోట్ల కౌన్సిల్ సభ్యులే పెద్ద రైతులు, తమ పొలాల్లో దారుల్ని తామే రాయాలి, కంచే చేను మేసినట్టు అయింది. మూడేళ్ళలో అయిపోవాలన్న పని కొన్ని కౌంటీల్లో 1970ల దాకా సాగింది.

ఇంగ్లండ్‌లో నడక హక్కుల గురించి మాట్లాడితే అందరూ 1932 ఏప్రిల్ 24 గుర్తుచేస్తారు, కిండర్ స్కౌట్ కొండ మీదికి బెన్నీ రోత్‌మన్ లాంటి కుర్రాళ్ళు వందల మందిని వెంటేసుకుని ఎక్కడం, ఐదుగురు జైలుకెళ్ళడం. గొప్ప సంగతే, నేనూ ఆ కొండెక్కి దండం పెట్టుకొచ్చా. అది కొండల మీద తిరిగే స్వేచ్ఛ కోసం జరిగిన పోరాటం. కానీ రోజూ పొద్దున్నే కుక్కని తీసుకెళ్ళే బాట, బడికెళ్ళే బాట, బస్టాపుకి అడ్డదారి, ఇవి మనకి మిగిలింది ఆ కార్డులు నింపిన పేరులేని క్లర్కుల వల్ల. వాళ్ళ గురించి ఎక్కడా ఫలకాలు లేవు, ఉండాలని నా కోరిక.

డెఫినిటివ్ మ్యాప్‌లో ఒక ముఖ్యమైన మెలిక ఉంది, చాలామందికి తెలియదు, ఆ రోజు నాకూ తెలియదు. మ్యాప్‌లో ఒక దారి ఉంటే అది ఉన్నట్టే, కోర్టులో తిరుగులేని సాక్ష్యం. కానీ మ్యాప్‌లో లేదు కాబట్టి హక్కు లేదు అనడానికి లేదు. లేని దారిని ఎవరైనా ఆధారాలతో దరఖాస్తు పెట్టి ఎక్కించమని అడగొచ్చు, 1981 వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ యాక్ట్ ఆ తలుపు తెరిచి ఉంచింది. పౌరుడు కానక్కర్లేదు, లాయరు అక్కర్లేదు, ఆ ఊళ్ళో ఇల్లు కూడా అక్కర్లేదు.

అందుకని మొదలుపెట్టాం, పెద్దావిడా, నేనూ, ఇంకో నలుగురు.

ముందు ఆవిడ వంటింటి బల్ల మీద పెద్ద సైజు మ్యాప్ పరిచి, హద్దు అవతల దారి ఎటు పోయేదో గియ్యమని పెన్సిలిచ్చా. అవతల నీటి మిల్లు ఉండేది, దాని పక్కన ఆవిడ పిన్ని ఇల్లు, గుడ్ల బుట్ట పట్టుకుని వెళ్ళేది. 1947లో పెద్ద మంచు పడిన ఏడాది తనకి బాగా గుర్తు, మంచు కరిగాక మొదటిసారి ఒంటరిగా పంపించారట. కంచె దగ్గర్నుంచి గీత మొదలెట్టి నేరుగా మిల్లు వైపు లాగుతూ సగంలో ఆవిడ చెయ్యి ఎడమకి తిరిగింది, ఒక అర్ధచంద్రం గీసి మళ్ళీ సూటిగా వెళ్ళింది. ఇక్కడ ఎందుకు వంకర అన్నా. "ఎందుకేంటి, గుంట ఉందిగా" అంది. నాకు మ్యాప్‌లో ఏ గుంటా కనపడలేదు, పొలంలోనూ లేదు. ఆవిడ పొరపాటు పడిందేమో అనుకున్నా, పైకి అనలేదు.

రాత్రి ఇంటికొచ్చి నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వెబ్‌సైట్ తెరిచా, ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డినెన్స్ సర్వే పాత మ్యాపులు అక్కడ ఊరికే చూడొచ్చు, ఒక మైలుకి 25 అంగుళాల స్కేలు, ఒక్కో చెట్టు కూడా కనపడుతుంది. అదే పొలం, పొలం మధ్యలో చిన్న నీలపు మరక, పశువుల నీళ్ళ గుంట, దాని ఎడమ పక్కనుంచి వంగి వెళ్తున్న చుక్కల గీత, గీత పక్కన ఎఫ్.పి., అంటే ఫుట్‌పాత్, అని రెండు బుల్లి అక్షరాలు. ఆవిడ పుట్టకముందు అచ్చయిన మ్యాపు అది. ఆవిడ పెన్సిలు వంపూ ఆ గీత వంపూ ఒకటే. గుంట తర్వాతెప్పుడో పూడ్చేశారు, ఆవిడ చేతిలో మాత్రం అది పూడలేదు.

అయినా ఆ మ్యాప్ ఒక్కటే చాలదు. ఆర్డినెన్స్ సర్వే వాళ్ళు 19వ శతాబ్దం చివర్నుంచే మ్యాపుల మీద, దారి చూపించినంతమాత్రాన అక్కడ హక్కు ఉన్నట్టు కాదు అని అచ్చేస్తున్నారు. సర్వేయరు కంటికి బాట కనపడింది, గీశాడు, ఆ బాట ఎవరిదో ఆయనకి పట్టదు. అందుకని హక్కు గురించి మాట్లాడే కాగితం ఇంకోటి కావాలి. లండన్‌లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడ 1909-10 ఫైనాన్స్ యాక్ట్ తాలూకు ఫీల్డ్ బుక్కులు దాచారు. అప్పటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్ భూమి విలువ పెరిగితే దాని మీద పన్ను వెయ్యాలని దేశమంతా ప్రతి భూమికీ విలువ కట్టించాడు. మీ పొలంలోంచి ప్రజల దారి పోతుంటే ఆ మేరకి విలువ తగ్గించమని యజమాని అడగొచ్చు, అబద్ధం చెప్తే శిక్ష. పన్ను 1920లో ఎత్తేశారు, పుస్తకాలు మిగిలాయి. మా హద్దు అవతలి పొలం పేజీ తీసి చూస్తే, ప్రజల దారి హక్కుల కింద తగ్గింపు అన్న చోట 25 పౌండ్లు అని రాసుంది. ఆ భూమిలో ఆనాటి మ్యాపుల మీద కనపడే దారి ఇదొక్కటే. అంటే నూరేళ్ళ కిందట ఆ పొలం యజమానే ఇక్కడ ప్రజల దారి ఉందని చెప్పి తగ్గింపు తీసుకున్నాడు. నేను ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నా.

ఇంత చేసి నాకు గట్టిగా అనిపించింది ఒకటే. పెద్దావిడకి కాగితం అక్కర్లేదు. ఆవిడ ఆ కంచె దగ్గరికెళ్తే ఎవరైనా జరిగి దారిస్తారు, ఆవిడ్ని అందరూ ఎరుగుదురు. రాయని దారి మీద నడవాలంటే ఊళ్ళో పుట్టి ఉండాలి, లేదా ఎవరికీ భయపడని గొంతు ఉండాలి. నాలాంటివాడికి, నిన్న వచ్చినవాడికి, నల్లటి మొహంతో ఒంటరిగా పొలంలో కనపడేవాడికి, మ్యాప్ మీద దారిని చూపే ఆకుపచ్చ చుక్కలే ఆధారం. గుర్తున్న దారి ఊరివాళ్ళ వరకే, రాసిన దారి ఎవరికైనా పనికొస్తుంది. దారుల రికార్డింగ్ అంటే రిటైరైన పెద్దమనుషుల కాలక్షేపం అని ఇక్కడ చాలామంది అనుకుంటారు, మా తెలుగు ఫ్రెండ్స్ కూడా "నీకెందుకురా వాళ్ళ ఊరి గొడవ" అంటారు. నాకే ఎక్కువ అవసరం రా, వాళ్ళకన్నా.

భూమి ఉన్నవాళ్ళు ఈ విషయం ఎప్పుడో గ్రహించారు. అదే 31వ సెక్షన్‌లో యజమానులకి ఒక వెసులుబాటు ఉంది, నా భూమిలో ఒప్పుకున్న దారులు ఇవే, ఇంకే దారీ ఇవ్వను అని మ్యాప్‌తో ఒక డిక్లరేషన్ కౌన్సిల్‌లో దాఖలు చేసి, గడువులోగా తిరగరాస్తూ ఉంటే, ఆ తేదీ నుంచి 20 ఏళ్ళ లెక్క సాగదు. చట్టం ఇచ్చిందే, తప్పు పట్టను. కానీ వాళ్ళు తమ వైపు రాసి పెట్టుకుంటుంటే నడిచేవాళ్ళం మాత్రం మా తాతలు నడిచారు అని నోటిమాట మీద కూర్చుంటే ఎలా?

రైతు సంగతి కూడా చెప్పాలి. తర్వాత ఆయనతో రెండుసార్లు మాట్లాడా. ఈనే సీజన్‌లో కుక్కలు గొర్రెల మీద పడతాయని భయం, ఎవడో గేటు తీసి వదిలేస్తే మంద రోడ్డెక్కుతుందని భయం, రెండూ నిజమైన భయాలే, వ్యవసాయం చూసినవాడెవడూ కొట్టిపారేయడు. ఆయన ఇంకో మాటన్నాడు, ఈ భూమి కొన్నప్పుడు కాగితాల్లో దారి అన్న ముక్కే లేదు అని. నాకు ఆయన మీద జాలేసింది. 1950ల్లో పక్క ప్యారిష్ ఆ ఒక్క కార్డు నింపి ఉంటే ఆయన తెలిసి కొనేవాడు, తెలిసిన ధరకి కొనేవాడు, కంచె ఖర్చు దండగ అయ్యేది కాదు. రాయకపోవడం వల్ల నష్టపోయింది మేమే కాదు. పైగా దారి మ్యాప్ ఎక్కాక దాన్ని పొలం అంచుకి మళ్ళించమని అడిగే పద్ధతి ఉంది, లేని దారిని మళ్ళించడానికి ఏ పద్ధతీ లేదు. నిజం చెప్పాలంటే ఈ దరఖాస్తుల్లో చట్టం సౌకర్యం గురించి అడగదు, హక్కు ఉందా లేదా అంతే. రైతుకి ఇబ్బంది అన్నా వినదు, నాకు ఈ దారంటే ప్రాణం అన్నా వినదు. అలాగే ఉండాలి.

మ్యాప్‌లో ఉంటే మాత్రం అన్నీ సరిగ్గా ఉంటాయా అంటే, ఉండవు. ఈస్ట్ ససెక్స్‌లో ఫ్రామ్‌ఫీల్డ్ దగ్గర ఒక దారికి అడ్డంగా ఏకంగా కొట్టం కట్టేశారు, పదేళ్ళకి పైగా మూసేశారు, 2003లో తెరిపించారు. కానీ అది మ్యాప్‌లో ఉంది కాబట్టే అప్పీలు కోర్టు దాకా నిలబడింది.

గుంటూరు జిల్లాలో మా సొంతూరి డొంక గుర్తొస్తుంది నాకు. చెరువు కట్ట దిగి పొలాల్లోకి పోయే బండ్ల డొంక, రెండు బళ్ళు ఎదురైనా తప్పుకునేంత వెడల్పు ఉండేదట, నా చిన్నప్పటికే రెండు వైపులా కొంచెం కొంచెం దున్నేసి సైకిలు బాట చేశారు. అక్కడ సంగతి తిరగేసి ఉంటుంది, డొంక ప్రభుత్వ పోరంబోకు, గ్రామ నక్షాలో ఉంది, ఎఫ్.ఎం.బి.లో, అంటే సర్వే కొలతల పుస్తకంలో, కొలతలతో సహా ఉంది, నేల మీదే లేదు. ఇక్కడ నేల మీద ఉంది, నక్షాలో లేదు. 20 ఏళ్ళ మాట మన 1882 ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ ఉంది, ఇంగ్లండ్ నుంచి వచ్చిందే, కాకపోతే అది ఒకరి పొలానికి ఇంకొకరి పొలంలోంచి దారి గురించి, ఊరందరి గురించి కాదు.

ఇప్పుడు గడువు గొడవ. 2000లో వచ్చిన చట్టం, 1949కి ముందు నుంచీ ఉన్న పాత దారులు 2026 జనవరి 1 లోపు మ్యాప్ ఎక్కకపోతే చాలావాటి హక్కు రద్దయిపోతుందని పెట్టింది. 2022లో ఆ గడువు ఎత్తేస్తాం అన్నారు, 2023లో మాట మార్చి 2031 అన్నారు, 2024 డిసెంబరులో కొత్త ప్రభుత్వం మళ్ళీ పూర్తిగా ఎత్తేస్తామని ప్రకటించింది. ప్రకటన వేరు, చట్టం వేరు, ఒకసారి వెనక్కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వెళ్ళరని ఏంటి? నడిచేవాళ్ళ సంఘం ర్యాంబ్లర్స్ 2020లో వేల మంది వాలంటీర్లతో పాత, కొత్త మ్యాపులు పక్కపక్కన పెట్టి వెతికిస్తే ఇంగ్లండ్, వేల్స్‌లో కలిపి 49,000 మైళ్ళకి పైగా దారులు మ్యాప్ ఎక్కకుండా ఉండి ఉండొచ్చని తేలింది. రికార్డులో ఉన్నవి సుమారు 1,40,000 మైళ్ళు. ఒక తేదీ పెట్టి హక్కు చంపేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే రాయాల్సిన బాధ్యత 1949లో కౌన్సిళ్ళది, రాయనందుకు శిక్ష మాత్రం నడిచేవాళ్ళకి. దరఖాస్తు ఇస్తే ఏడాదిలో తేల్చాలని ఉంది, తేల్చకపోతే పైకి వెళ్ళొచ్చు, కానీ సిబ్బంది లేక పదేళ్ళు దాటి మగ్గుతున్నవి ఉన్నాయి. వరస అంత పొడుగు పెట్టి గడువు పెట్టడం ఏం న్యాయం?

మేం వచ్చే నెల పెడుతున్నాం. పాత మ్యాప్ కాపీ, క్యూ పేజీ ఫోటో, హెడ్జ్ అడుగున నాచు పట్టి కూరుకుపోయిన ఒక రాతి స్తంభం ఫోటో, అది పాత స్టైల్ తాలూకుదే అని మా నమ్మకం, తర్వాత 11 మంది సాక్ష్యం ఫారాలు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా నడిచారు, ఎవరైనా ఆపారా, ఎవర్నైనా పర్మిషన్ అడిగారా అని ఉంటుంది. నా ఫారంలో ఆ ఆఖరి ప్రశ్నకి అవును అని నిజమే రాశా.

పెద్దావిడ తన ఫారంలో మొదటి గడిలో 1947 అని రాసి, ఎప్పటిదాకా అన్న గడి ఖాళీగా వదిలేసింది. మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళుగా అటు వెళ్ళలేదని నాకు తెలుసు, ఖాళీ వదిలితే కౌన్సిల్ వాళ్ళు వెనక్కి పంపుతారండీ, ఏదో ఒక ఏడాది రాయాలి అన్నా. ఆదివారం నన్ను కంచె దాకా తీసుకెళ్ళు, అప్పుడు రాస్తా అంది.